పెరుగుకు పరీక్ష

చౌడయ్యకు విజయవాడ వన్ టౌన్‌లో చేనేత చీరల దుకాణం. మొదటి భార్య పోయిన మూడేళ్లకు, 1974 ఎండాకాలంలో, పెడన నేత కుటుంబం నుంచి సుబ్బరత్నాన్ని రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. ఆ మాట్లాడకపోవడమే తర్వాత ఆయనకు అనుమానమైంది.

వానల వేళకు ఆయన తొడ మీద సెగ్గడ్డ లేచింది. మందుల షాపులో క్యాప్సూళ్లిచ్చారు. వారంలో గడ్డ మానింది. మళ్లీ లేస్తుందేమోనని ఆయన మాత్రం క్యాప్సూళ్లు మానలేదు. కొన్నాళ్లకు విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకు ఏడెనిమిదిసార్లు. నెల తిరిగేసరికి చొక్కా భుజాల మీద నిలవడం లేదు.

మొదటి భార్య తల్లి సంపూర్ణమ్మ చూడటానికి వచ్చింది. సుబ్బరత్నం పెరట్లోకి వెళ్లగానే గొంతు తగ్గించింది.

"సగమైపోయారు బాబూ. నేను చెప్పకూడదు గానీ, మొగుణ్ణి కొంగున కట్టుకోవాలని అన్నంలో మందు పెట్టేవాళ్లున్నారు. కాస్త కనిపెట్టి చూసుకోండి."

చౌడయ్య కనిపెట్టడం మొదలుపెట్టాడు. వేళగాని వేళ దుకాణం నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. ఒక సాయంత్రం ఆమె గోరువెచ్చని పాలలో ఏదో వేసి కలుపుతోంది.

"ఏంటది?"

సుబ్బరత్నం ఉలిక్కిపడింది. చెంచా జారిపోయింది. "తోడేనండీ."

తోడు పెట్టడానికి ఉలికిపాటెందుకు? మర్నాటి నుంచి ఆయన ఇంట్లో ముద్ద ముట్టలేదు. గవర్నర్‌పేటలో హోటల్ భోజనం. పొట్టలో విషం విరుగుతుందని క్యాప్సూళ్లు రెట్టింపు చేశాడు. జబ్బు ముదిరింది. ముందు తిన్నదే లోపల పనిచేస్తోందనుకున్నాడు.

చివరికి ఒక ఉదయం పెరుగు గిన్నెకు గుడ్డ కట్టి డాక్టరు అమలమ్మ గారి దగ్గరికి తీసుకెళ్లాడు.

"విరేచనాలు ఆగడం లేదు. ఇందులో ఏం కలిపారో చూడండమ్మా."

ఆమె ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. "లక్షల్లో ఉన్నాయండీ, సూక్ష్మజీవులు."

"అనుకున్నా!" చౌడయ్య లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. పాలను పెరుగు చేసేవి ఇవే. ఇంతకీ మందులేమైనా వాడుతున్నారా?"

ఆయన జేబులోంచి క్యాప్సూళ్లు తీశాడు. సెగ్గడ్డకని మొదలుపెట్టి రెండు నెలలుగా మింగుతున్నానన్నాడు. ఆమె ముఖం మారింది.

"మన పేగుల్లో మేలు చేసే జీవులు కోట్లకొద్దీ ఉంటాయండీ. చెడ్డవాటిని పెరగనివ్వవు. గడ్డకని మీరు మింగింది ఆ మంచివాటినీ చంపేసింది. ముందు ఇవి ఆపండి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగండి. మంచి జీవులున్న బిళ్లలు రాస్తాను, పెరుగూ తినండి. అందరికీ ఒకేలా పనిచేయదు, వారంలో తగ్గకపోతే రండి."

పది రోజులకు తగ్గింది. క్యాప్సూళ్లు ఆపినందుకో, బిళ్లలకో, పెరుగుకో డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పలేదు.

సిగ్గుపడుతూనే చౌడయ్య జరిగిందంతా భార్యకు చెప్పాడు. సంపూర్ణమ్మ పేరు మాత్రం ఎత్తలేదు.

"గిన్నె ఎక్కడికెళ్లిందో నాకారోజే తెలుసండీ," అంది సుబ్బరత్నం. "డాక్టరమ్మ చెబితే నమ్మారు. నన్నడిగితే చెప్పేదాన్ని."

మర్నాడు మధ్యాహ్నం ఆయన ముందు విస్తరి వేసింది. వడ్డించేముందు ప్రతి గిన్నెలోంచీ కొంచెం తీసి, ఆయన చూస్తుండగా తాను తింది.

"ఇదేంటి రత్నం, వద్దు."

"నాకు అలవాటవుతుందిలెండి. మీరు తినండి."

చౌడయ్య అన్నంలో చెయ్యి పెట్టి, కలపలేక అలాగే కూర్చున్నాడు.