మనం తినే సరుకు కాదు

రొయ్యలు కొనే ఏజెంటు మాల్యాద్రి నెల్లూరు దాటి బస్సెక్కితే కళ్లు తిరిగే మనిషి. అలాంటివాడికి ఆగస్టు నెలలో అమెరికా రాజకీయమంతా ఒక్కసారిగా అర్థమైపోయింది. మన రొయ్య మీద అక్కడ యాభై శాతం సుంకం అని టీవీలో చెప్పిన మర్నాడే కిలోకు నూరు రూపాయలు తగ్గించేశాడు. ఆ సుంకం అమలు కావడానికి ఇంకా మూడు వారాలుంది. మేత బస్తా ధర మాత్రం రూపాయి తగ్గలేదు. కరెంటు బిల్లూ తగ్గలేదు. సుంకం వేసింది అమెరికా, కట్టేది మాత్రం రొయ్యల గుంట గట్టు మీద నిలబడ్డ మేము.

నాకూ, నా మొగుడు బెన్హర్‌కూ ముత్తుకూరు దగ్గర ఎకరం గుంట ఉంది. అందులో రెండు టన్నుల రొయ్య. ముప్పై కౌంట్, అంటే కిలోకు ముప్పై తూగే పెద్ద సైజు. అమెరికావాళ్లకు పెద్దవే ఇష్టమని చెప్పి నెలరోజులు ఎక్కువ పెంచమన్నది ఈ మాల్యాద్రే. ఇప్పుడు ఆ పెద్దవే ఎవరికీ అక్కర్లేదంటాడు. పక్క గుంటకు తెల్లమచ్చ తెగులు తగిలింది. రెండు రోజుల్లో పట్టకపోతే మావి కూడా చచ్చి తేలతాయి. ఆ సంగతి తెలిసే మాల్యాద్రి మా గట్టు మీద తాపీగా పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

బెన్హర్ మెత్తని మనిషి. వచ్చినకాడికి ఇచ్చేద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. నెల్లూరు హోటళ్లలో రొయ్యల బిర్యానీ ధర తగ్గిందా అని అడిగాను. తెల్లవారుతూనే రెండు వందల కిలోలు పట్టించి, ఐసు పెట్టెల్లో సర్ది, ఆటోలో ముత్తుకూరు రోడ్డు మీదికి తీసుకెళ్లాను. మాల్యాద్రి వెనకనుంచి నవ్వడం వినబడింది.

పవర్ ప్లాంటు డ్యూటీకి పోయేవాళ్లు, పోర్టు లారీలవాళ్లు ఆగారు. అందరిదీ ఒకటే ప్రశ్న, సముద్రానిదా, గుంటదా అని. గుంటది అనగానే బండి ముందుకు పోయేది. రెండు గంటల్లో ఒక్క కిలో కదల్లేదు. ఐసు మాత్రం కరుగుతోంది.

నా పక్కనే కామమ్మ తట్ట దించి కూర్చుంది. సముద్రపొడ్డు పట్టపుపాలెం మనిషి, ఇరవై ఏళ్లుగా అక్కడే సముద్రపు రొయ్యలు అమ్ముతోంది. కాసేపు నా వంక చూసి అంది:

"ఎవురు కొంటారుమే? గుంట రొయ్య మనం తినే సరుకు కాదు, మందులు పోసి తెల్లోళ్లకి పంపేది అని నువ్వే కదా చెప్పినావు, నా తట్ట కాడ నిలబడి."

చెప్పాను. నేనే కాదు, మా గుంటలవాళ్లందరం పన్నెండేళ్లుగా ఊరూరా అదే చెప్పాం. ఇంటి ముందు టన్నుల కొద్దీ రొయ్య పెట్టుకుని, ఆదివారం కూరకు కామమ్మ దగ్గర కొనుక్కున్నాం. పాస్టరుగారు భోజనానికి వస్తే గుంట రొయ్య పెట్టడం మర్యాద కాదనుకున్నాం. మందుల జాడ కనబడితే ఎగుమతి కంపెనీ లోడంతా వెనక్కి కొడుతుంది, మాది ఒక్కసారీ వెనక్కి రాలేదు. పరాయి దేశంవాళ్ల కోసం అన్ని పరీక్షలూ నెగ్గించి, మనవాళ్లకు విషమని చాటింపు వేశాం. మాల్యాద్రి దొంగే కావచ్చు. ఆ దొంగకు తలుపు తీసిపెట్టిన మమ్మల్ని ఏమనాలి?

టీ కొట్టులో స్టవ్వూ బాండలీ అడిగి తెచ్చాను. డజను రొయ్యలు వలిచి, ఉప్పూ కారం పసుపూ వేసి, రోడ్డు పక్కనే వేయించాను. వాసనకు నలుగురు చేరారు. అందరి ముందూ మొదటిది నేనే నోట్లో వేసుకున్నాను. బాగుంది. పన్నెండేళ్లు పెంచి రుచి కూడా చూడలేదని అప్పుడు సిగ్గేసింది, సిగ్గు కంటే ఎక్కువ కోపం వచ్చింది.

కామమ్మ ఒకటి తీసుకుని నిదానంగా నమిలింది. జనం ఆమె నోటి వంక చూస్తున్నారు. రొయ్య విషయంలో ఆ రోడ్డు మీద ఆమె మాటే తీర్పు.

"మా సముద్రం దానంత లేదు," అంది. రెండోది తీసుకుంది. "అయినా రొయ్యేలే."

ఇరవై కిలోలు తన తట్టలోకే పోయించుకుంది. మధ్యాహ్నానికి పెట్టెలు ఖాళీ అయ్యాయి, మాల్యాద్రి చెప్పిన ధర మీద కిలోకు తొంభై ఎక్కువకే.

మూడు గంటలకు అతని ఫోను. "మిగిలింది నాకే ఇయ్యక్కా, డెబ్బై పెంచినా," అన్నాడు.

"పొద్దున్నుంచి అమెరికావోళ్లతో మాట్లాడినావా అన్నా?" అన్నాను.

పద్దెనిమిది వందల కిలోలు రోడ్డు మీద అమ్ముడుపోవని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇచ్చేశాను. పాత ధరకు ఇంకా ముప్పై తక్కువే.

లారీకి ఎక్కించేటప్పుడు ఐదు కిలోలు తీసి పక్కన పెట్టాను. ఎందుకని అడిగాడు. ఇంట్లోకి, కూరకి అన్నాను.

మాల్యాద్రి మొహం అదోలా పెట్టాడు. పన్నెండేళ్లుగా మా రొయ్యలు కొని, ఆ డబ్బుతో రెండంతస్తుల మేడ కట్టినవాడు.

"అదేందక్కా," అన్నాడు, "గుంట రొయ్య తింటారా ఎవురన్నా?"