శౌరయ్య బెంచీకి మేకు

ఉయ్యూరు శౌరయ్య చేసిన బెంచీలో మేకన్నది ఉండదు. చెక్కలోకి చెక్క దిగేసి, అతుకు మీద వేలు పెట్టి తడిమినా తెలియకుండా చేస్తాడు. హైదరాబాదు నుంచి కార్లేసుకుని వస్తారు ఆయన కోసం. పేపర్లో ఫోటో కూడా వేశారు. అంతటివాడు గుణదలలో ఉన్న చెల్లెలు తెరేసమ్మ ఇంటికి తనే వెతుక్కుంటూ వచ్చి, "మేనకోడలు తొలికాన్పుకి వచ్చిందిగా, కూర్చోడానికో బెంచీ చేసిస్తా" అన్నాడు.

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. పెదనాన్న కొడుకైన శౌరయ్య నోటివెంట ఆ మాట రాగానే తెరేసమ్మ గుండెలో రాయి పడింది.

ఎందుకంటే, శౌరయ్య చేసేది బెంచీలే కాదు. వాళ్ళ విచారణలో, అంటే ఆ చర్చి కింది ఊళ్ళలో, ఎవరు పోయినా సమాధి పెట్టె కూడా ఆయన చేతిదే. టేపు పట్టడు. వెదురుబద్ద మీద కత్తితో గాట్లు పెట్టుకుంటాడు, మనిషికో బద్ద. పోయినవాళ్ళని కొలిచిన బద్దని మాత్రం విరిచి, పెట్టెలో కాళ్ళ దగ్గర పెట్టెయ్యాలి. లేకపోతే అది ఇంకో మనిషిని వెతుక్కుంటుందని తెరేసమ్మ వాళ్ళమ్మ చెప్పేది. మొన్న సోమవారం జక్కయ్య బాబాయి పెట్టె మూసేటప్పుడు తెరేసమ్మ మెడ సాచి మరీ చూసింది. బద్ద కనపడలేదు. కాళ్ళనిండా బంతిపూలు. వాటి కింద ఉందో, అసలు లేనే లేదో!

ఇవాళ గురువారం. శౌరయ్య సంచీలోంచి ఓ బద్ద తీసి తెరేసమ్మ కూతురు దీవెన మోకాలికీ వీపుకీ పెట్టి గాట్లు పెడుతున్నాడు.

"నిటారుగా కూర్చోవే. నీ ఒక్కదానికే కాదు, లోపలున్న దొరగారికి కూడా సరిపోవాలి."

"దొరసానైతే, మావయ్యా?"

"మీ అమ్మ పోలికొస్తే ఇంకో జానెడు వెడల్పు చెయ్యాలి మరి."

ఇద్దరూ పగలబడి నవ్వారు. తెరేసమ్మ కళ్ళు బద్ద మీదే ఉన్నాయి. అది కొత్తదా, జక్కయ్య బాబాయిదా? అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఏడో నెల గర్భిణి ఎదురుగా శవం కొలత మాట ఎత్తడమంటే చావుని పేరు పెట్టి పిలవడమే. మింగేసింది.

పదిరోజులకి బెంచీ వచ్చింది. వరండాలో వేశారు. దీవెన ఇక దాన్ని వదిలితే ఒట్టు. తిండీ, కునుకూ, వీధిలోవాళ్ళతో కబుర్లూ అన్నీ దానిమీదే. తెరేసమ్మ గుణదల మాత గుడి నుంచి తీర్థం తెచ్చి చల్లింది. జపమాల చుట్టింది. అయినా మనసు కుదుటపడలేదు. ఆదివారం ఆదివారం పూజకి వెళ్ళే మనిషే గానీ, ఇనుము ఉన్నచోటికి ఏ పీడా రాదన్న అమ్మ మాట కూడా ఎముకల్లో ఉందాయె. దీవెన స్నానానికెళ్ళిన సమయం చూసి, బెంచీని తిరగేసి, కాలూ పలకా కలిసేచోట, ఎవరి కంటా పడకుండా రెండంగుళాల మేకు దిగ్గొట్టింది.

నాలుగు రోజులు హాయిగా నిద్రపోయింది. అయిదోరోజు బెంచీ కిర్రుమంది.

"అమ్మా, మావయ్య బెంచీకి మాటలొచ్చాయే!" అంది దీవెన.

తెరేసమ్మ చేతిలో చేట జారిపోయింది. పిలుస్తోంది. ఆ బద్ద ఎవరినో అడుగుతోంది. ఒక మేకు చాల్లేదన్నమాట. ఆ మధ్యాహ్నమే మొదటిదాని పక్కన రెండోది కొట్టింది.

ఆదివారం పూజ అయ్యాక శౌరయ్య నూనెసీసా, గుడ్డపేలికా పట్టుకుని బెంచీకి మెరుగు పెడదామని వచ్చాడు. దీవెన దానిమీదే కూర్చుని తాటిముంజలు తింటోంది. ఆయన అలవాటుగా పలక మీద వేలి కణుపుతో కొట్టాడు. మొహం మారిపోయింది. వంగి చెవి ఆనించాడు. మళ్ళీ కొట్టాడు.

"ఇందులో ఇనుముంది. ఎవరు కొట్టారు?"

తెరేసమ్మ చూపు బెంచీ కాలివైపు వెళ్ళింది.

"చెక్క లోపల చీలింది తెరేసూ! అమ్మాయీ, కదలకు, నే పట్టుకుంటా..."

మావయ్య గొంతుకే బెదిరి, దీవెన అప్పటికే లేవబోయి చెయ్యి ఊనింది.

ఫట్టుమంది.

తెరేసమ్మ ఎలా వెళ్ళి పడిందో తెలీదు, కూతురి కింద తనుంది. తన మణికట్టు దగ్గర ఏదో విరిగినట్టయింది. ముంజలు మెట్లమీదికి దొర్లాయి. దీవెన రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉండిపోయింది.

"అమ్మా... కదలట్లేదే."

శౌరయ్య వీధిలోకి పరుగెత్తి ఆటోని కేకేసి వచ్చాడు. విరిగిన బెంచీ కాల్లో పక్కపక్కనే రెండు మేకులు. వాటివంకా చెల్లెలివంకా చూశాడు.

"జక్కయ్య బాబాయి బద్ద..." అంది తెరేసమ్మ.

"నేనే విరిచి కాళ్ళ దగ్గర పెట్టానే. పూల కింద. ఒక్క మాట అడిగితే చెప్పనా!"

ఆవిడ వినిపించుకోలేదు. ఆయన చెక్కకి ఆనించినట్టే, కూతురి పొట్టకి చెవి ఆనించింది. తన గుండె దడే వినిపిస్తోంది. ఒక్కసారి తన్ను తల్లీ. మీ అమ్మమ్మని తన్ను. నన్నే తన్ను.

బయట ఆటో హారన్ మోగింది. అప్పుడు చెంపకి తగిలింది. ఒక్కటి. చిన్నది.

"తన్నింది" అంది దీవెన వెక్కుతూ.

"లే, తెరేసూ, ఆస్పత్రికి పదండి" అన్నాడు శౌరయ్య.

తెరేసమ్మ చెవి తియ్యలేదు. ఆటోలో కూర్చున్నా తియ్యలేదు. రెండోదాని కోసం చూస్తోంది.