ఆరో అంతస్తులో ఎర్ర బటన్

"బయం చాల్లేదు. ఇంకా బయపెట్టు," అంటూ రాజమోహన్ లాప్‌టాప్ మూత మూసేశాడు. రాధాకుమారి వేళ్ళింకా కీబోర్డు మీదే ఉన్నాయి. తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు.

తామ్వే పేటలో ఆ మేడ అతనివాళ్ళదే. కింద తాతలనాటి పప్పుల దుకాణం, దానిపైన యాప్ ఆఫీసు. యాంగోన్‌లో, అంటే మన పాత రంగూన్‌లో, ఇలాంటి పాత మేడలకి లిఫ్టులుండవు. మెట్లేమో నిచ్చెన కంటే కాస్త నయం, అంతే. పై అంతస్తుల్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే దించే దిక్కుండదు. రాజమోహన్ యాప్‌లో బటన్ నొక్కితే ఇద్దరు మోతగాళ్ళు కుర్చీ పట్టుకొచ్చి మనిషిని కిందికి దించుతారు. ఆలోచన మంచిదే. కానీ జనం పేజీ తెరుస్తున్నారు, ఎర్ర బటన్ దాకా వస్తున్నారు, నొక్కకుండా వెళ్ళిపోతున్నారు.

పేజీలో మాటలు రాయడం రాధాకుమారి ఉద్యోగం. ఇప్పుడున్నవి మాత్రం రాజమోహన్ పట్టుబట్టి బర్మా భాషలో పెట్టించినవి: "ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది! వెంటనే సాయం కోరండి!"

"జనం నొక్కంది బయం చాలక కాదు ఆకో," అందామె. ఆకో అంటే అన్న. ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు గాని, అతనిలో అన్న లక్షణం ఒక్కటీ లేదు. "ఆనా వల్ల."

ఆనా అంటే మన మొహమాటానికి బర్మాలో పెద్దక్క. నా కోసం ఇంకొకడు శ్రమపడతాడేమోనని గొంతు దాకా వచ్చిన మాటని మింగేయడం. ఆ ఊళ్ళో పుట్టిన తెలుగువాళ్ళకి కూడా అది ఒంటబట్టేసింది.

"ప్రాణం పోతంటే ఆనా ఏటే?" రాజమోహన్ నవ్వాడు. "మీ తాత రేవులో మూటలు మోసాడు. నువ్వు నాకు కస్టమర్ సైకాలజీ చెప్తన్నావు."

"మా తాత మోసింది మీ తాత కొట్టు మూటలే ఆకో. ఆ బరువు మీరింకా దించుకోలేదు."

అతని నవ్వు ఆగిపోయింది.

"విను. సాయంత్రంలోగా ఆ బటన్ ఒక్కరైనా నొక్కాలి. లేకపోతే రేపట్నుంచి రాకు. టీకొట్లో కూచున్న మోతగాళ్ళని కూడా పంపించేస్తాను. కాల్ వచ్చినప్పుడు చూసుకుందాం. ఊరికే కూచోబెట్టి జీతాలేటి?"

"నా మాటలు పెట్టనివ్వండి, నొక్కుతారు."

"ముందు నా మాటలకి నొక్కుతారో లేదో చూడు. పైన మా అమ్ముంది. నీ కళ్ళ ముందే నొక్కుద్ది, పద."

ఆరో అంతస్తు ఎక్కేసరికి ఇద్దరికీ రొప్పు వచ్చింది. కరెంటు లేదు. బాల్కనీ గుమ్మంలో పడక్కుర్చీలో ఉంది సూరమ్మ. నుదురంతా చెమట. ఎడంచేతిని కుడిచేత్తో పిసుక్కుంటోంది.

"అమ్మా, ఒంట్లో బాగోలేదనుకో. ఇది చూసి ఏటి చేస్తావో చెయ్యి," అని రాజమోహన్ ఆమె ఫోన్‌లోనే పేజీ తెరిచి ఇచ్చాడు.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. బొటనవేలు ఎర్ర బటన్ దాకా వెళ్ళింది. ఆగింది. ఫోన్‌ని ఒళ్ళో బోర్లా పెట్టేసింది.

"ఏటమ్మా?"

"ఒద్దురా. పాపం ఆళ్ళు బువ్వ తింతన్నారో ఏటో. ఇన్ని మెట్లెక్కి రమ్మంతావా?"

"అది ఆళ్ళ పనే!"

"పనైతే మాత్రం? ప్రాణం పోద్దని రాసావు. నాకంత గొప్ప జబ్బేటొచ్చిందని ఊరిని పరిగెత్తించను?"

రాజమోహన్ రాధాకుమారి మీదికి తిరిగాడు. "నేర్పి పెట్టావా మా అమ్మకి? ఎప్పుడొచ్చావు పైకి?"

ఆమె నేల మీదే కూర్చుని, చంకలో పెట్టుకొచ్చిన లాప్‌టాప్ తెరిచింది. సూరమ్మ ఫోన్‌కి కనిపించే పేజీ మాత్రం మార్చింది. ఊరందరికీ చూపించాలంటే రాజమోహన్ ఒప్పుకోవాలి.

"ఇప్పుడు చూడండి పిన్నీ."

ఎర్రరంగు పోయింది. రెండే ముక్కలున్నాయి: "మా మనుషులు మీ వీధిలో ఖాళీగా కూర్చున్నారు. పైకి రమ్మంటారా?" దాని కింద చిన్న బటన్: "రండి".

"నిజంగా ఖాళీయేనా?" అంది సూరమ్మ.

"యాడ్‌లో రాసిందానికి నిజమేటమ్మా..."

సూరమ్మ కొడుకు మాట వినిపించుకోలేదు. కమ్మీ పట్టుకుని కిందికి వంగి చూసింది. టీకొట్టు ముందు మోతగాడు బాబ్జీ, అతని జోడీ పీటల మీద కూర్చుని సోడామూతలతో ఆటాడుకుంటున్నారు. మోత కుర్చీ గోడకి ఆనించి ఉంది.

ఆమె మళ్ళీ కుర్చీలో కూలబడి, బటన్ నొక్కింది.

"అమ్మా! నిజంగానే వచ్చేస్తారు!"

"రానీరా. పొద్దుట్నుంచి చెయ్యి లాగేస్తంది. గుండెల మీద బండెట్టినట్టుంది."

రాజమోహన్ మొహంలో రక్తం ఇంకిపోయింది. "నాకు చెప్పలేదేటి?"

"నువ్వు మీటింగులో ఉన్నావు కదా."

బాల్కనీ నుంచి వీధిలోకి వేలాడే తాడుని కింద ఎవరో లాగారు. కమ్మీకి కట్టిన గంట గణగణ మోగింది. వస్తున్నామని బాబ్జీ కబురు.

దింపుతున్నంతసేపూ సూరమ్మకి ఒకటే గొడవ. "బారంగా ఉన్నాను కదయ్యా, దించెయ్యండి, నడుస్తాను."

"సోడామూతలు కదుపుతా కూచున్నాం పిన్నీ," అన్నాడు బాబ్జీ రొప్పుతూ. "ఆటి కంటే మీరే నయం."

మెట్ల మలుపులో రాజమోహన్ ఆగాడు. అతని గొంతు బాగా తగ్గింది. విషం మాత్రం తగ్గలేదు. "ఆ మాటలే పెట్టుకో. పైన జరిగింది ఆఫీసులో ఎత్తావంటే నాలిక కోసేస్తాను."

"ఎత్తను. కానీ పేజీలో ఖాళీగా కూచున్నారని ఉంది. జీతమిచ్చి నిజంగానే కూచోబెట్టాలి. ఒక్కరిని తీసేసినా ఆ మాట అబద్దమైపోద్ది. అబద్దమని తెలిస్తే పిన్ని ఇంకోసారి నొక్కదు."

అతను ఆమెని మెట్ల మీంచి తోసేసేలా చూశాడు. కింద నుంచి సూరమ్మ గొంతు వినిపించింది. "రాజా, ఏటిరా అక్కడ? ఆ పిల్లని తిడతన్నావా?"

"కూచోబెడతాలే. పెట్టు," అన్నాడు పళ్ళ సందున. రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు.

రాధాకుమారి ఆ మలుపులోనే మెట్టు మీద కూర్చుంది. అతని బుద్ధి మారకముందే లాప్‌టాప్ తెరిచి, ఊరందరి పేజీలోంచి ఎర్ర బటన్‌ని తీసేసి, "రండి" పెట్టింది.