సున్నం కింద ముఖం

మొదట్లో నా చేతిలో ఉన్నవి మూడు: బొమ్మలకు చట్రాలు కట్టే కొట్టు, దాని వెనక వెలుతురున్న గది, సర్కస్‌లో జోకర్ వేషం వేసే బావమరిది. గదిని ఒక చిత్రకారుడికి అద్దెకిచ్చాను. బొమ్మ వేసుకోవడానికి ఎదురుగా కూర్చునే మనిషి కావాలని అతనంటే బావమరిదిని చూపించాను.

మొదట వాణ్ణి ఉత్త ముఖంతో కూర్చోబెట్టి, ఆ ముఖాన్నే వేశాడు. అది ఆరాక, వేషంలో రమ్మని, దాని మీదే తెల్లరంగు, ఎర్రముక్కు, కిందికి జారిన మూతి దిద్దాడు.

"బావా, జనాన్ని నవ్విస్తే వచ్చేది సిగరెట్లకే చాలదు. నా ఏడుపుకి మాత్రం బేరం బాగుండేట్టుందే!"

"కదలకురా, మూతి వంకరపోతుంది."

ఆ బొమ్మ నేనే కొన్నాను. చిత్రకారుడు ఊరు మారాడు. ఏడాది తిరక్కుండా గాలివానకు డేరా స్తంభం విరిగి బావమరిది మీద పడింది. ముఖం చూడొద్దని శవాన్ని మూటకట్టి ఇచ్చారు. ఫోటోలు వెతికితే అన్నిట్లోనూ రంగు ముఖమే.

పోయినవాడి బొమ్మకు గిరాకీ ఎక్కువ. ఒక హోటల్ యజమాని మంచి ధర చెప్పి, మర్నాడు బండి పంపిస్తానన్నాడు.

నా భార్య బొమ్మ ముందు నిలబడింది. "ఏమండీ, వాడి ముఖం గుర్తు రావట్లేదు. ఎంత తలుచుకున్నా ఈ సున్నమే. దీని కింద మావాడున్నాడుగా, తీయండి."

"తీస్తే కొనేవాడు కొనడే."

"కొనకపోతే మానె. మీరు అమ్ముకోవడానికి నాకింకెంతమంది తమ్ముళ్ళున్నారు?"

పాము చావకుండా కర్ర విరగకుండా లెక్క వేశాను. తెలుపు తుడిచి, ముఖాన్ని ఫోటో తీయించి ఆమెకిచ్చి, మళ్ళీ తెలుపు పూసి అమ్మేయవచ్చు. పాత బొమ్మల మసి ఎన్నిసార్లు తుడవలేదు? దూదిని రంగు కరిగించే టర్పెంటైన్‌లో ముంచాను.

నుదురు బయటపడింది.

"అదిగో, వాడే! కిందికి రండి, కళ్ళు, కళ్ళు!"

పాత బొమ్మల రంగు రాయిలా ఉంటుంది. ఇది ఏడాది రంగు, లోపల పచ్చిగానే ఉంది. కన్ను వచ్చినట్టే వచ్చి దూదిలోకి పోయింది. రెండు పొరలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఊడాయి. ముఖమున్న చోట బట్ట నేత తేలింది.

ఆమె ఏడవలేదు. దూది ముక్కలు ఏరి, ఒక్కొక్కటే విప్పి చూసింది.

బండి ఖాళీగా వెళ్ళింది. బేరం పోయింది, వాడి ఏడుపూ పోయింది, ముఖమూ పోయింది. నికరంగా మిగిలింది తెల్లరంగు తగలని ఒక చెవి. అంతవరకు కోసి, అరచేయంత చట్రం కట్టి ఆమెకిచ్చాను. వాడిదేనా అని అడిగాను.

"ఏమోనండీ. చెవులెవరు చూస్తారు?" అంది.