పాకుడు పట్టిన గెడలు

నెల క్రితం క్రిస్పీనా సముద్రంలో పాతిన తొంభై వెదురు గెడల్లో డెబ్బై ఎనిమిది తళతళా మెరుస్తున్నాయి. కూతురి పురుటి కోసం కల్బయోగ్ పట్నం వెళ్ళి, పది రోజులకు తిరిగొస్తున్న ఆమెకు పడవలోంచే ఆ మెరుపు కనిపించింది.

ఆ సమర్ దీవి తీరంలో ఆకుపచ్చ ఆల్చిప్పలు పెంచేవాళ్ళెవరూ గెడల్ని తోమరు. పిల్ల చిప్పలు నీళ్ళలో కొట్టుకొచ్చే కాలానికి నెల ముందే కొత్త గెడలు పాతి, వాటి జోలికి పోకుండా ఊరుకుంటారు. ఆ నెలంతా రేవులో ఎవరు ఎదురుపడ్డా మొదటి పలకరింపు "పాకుడు పట్టిందా?" అనే. కంటికి ఆనని జీవాలు పొరలు పొరలుగా చేరితేనే ఆ జిగురు ఏర్పడుతుంది. ఇసుక రేణువంత కూడా లేని చిప్ప పిల్ల వచ్చి, కాలితో గెడను తడిమి చూసుకుని, జిగురు తగిలితే అక్కడే ఉండిపోతుంది. నున్నగా తగిలితే తన దారిన తాను పోతుంది. ఇదంతా జరిగేది పదిహేను రోజులే. అవి దాటిపోతే ఆ ఏటికి పంట లేనట్టే.

పంట లేని చోటుకు ఇచ్చిన అనుమతిని పట్టణ ఆఫీసు వాళ్ళు రద్దు చేసి, ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. నీళ్ళ మీద హోటల్ కడతానంటూ ఒకాయన క్రిస్పీనా చోటు మీద ఇప్పటికే కన్నేసి ఉన్నాడు. ఆమె భర్త పోయాక ఇరవై రెండేళ్ళుగా ఇల్లు నడిచింది ఆ చోటు మీదే.

ఏం జరిగిందో మరిది తెబాన్ చెప్పాడు. 'శుభ్ర సముద్రం' వారోత్సవమట, పై నుంచి పెద్ద అతిథి వస్తున్నారట. పట్టణ పర్యావరణ అధికారి అబ్రెనికా యాభై మందిని పడవలెక్కించి, తీగ బ్రష్షులతో, సబ్బు పొడితో రేవుకు ఎదురుగా ఉన్న ఆమె గెడలన్నీ తోమించాడట. మడ చెట్ల పక్కనున్న పన్నెండు మాత్రం పడవ బురదలో దిగబడటంతో మిగిలిపోయాయట. దగ్గరుండి చూపించింది తెబానే. ఒంటి మీద కొత్త పసుప్పచ్చ చొక్కా ఆ సంగతి చెప్పకనే చెబుతోంది.

"భోజనం పొట్లం కూడా ఇచ్చార్లే వదినా," అన్నాడు.

"చొక్కాకీ కోడి ముక్కకీ నా ఏడాది తిండి అమ్మేశావు. కడుపు చల్లబడిందా?" అంది క్రిస్పీనా.

బట్టల మూట దించకుండానే ఆమె ఆఫీసుకు నడిచింది. అబ్రెనికా చెడ్డవాడు కాదు. అదే ఒళ్ళు మండించే విషయం. చెడ్డవాడైతే నాలుగు తిట్టి రావచ్చు. మంచి చేశానని మురిసిపోతూ కుర్చీ వేసేవాడిని ఏమనాలి?

"మనాంగ్, ఆ పాకుడు నిండా సూక్ష్మజీవులే. ఒక్క చుక్కలో లక్షలుంటాయి," అన్నాడతను, పిలిచేది అక్కా అనే అయినా చిన్నపిల్లకు చెప్పినట్టు.

"ఆ లక్షలే నాక్కావాలి సర్. సముద్రంలో పొయ్యి వెలిగేదే వాటితో. నీళ్ళలో పచ్చగా తేలేవి నా చిప్పలకు అన్నం, గెడ మీది జిగురు వాటికి ఇల్లు. రొయ్య పిల్లలు మేసేదీ దాన్నే. చేపలు బతికేది ఆ రొయ్యల మీద. మీరు తోమింది మా అందరి అన్నం కుండ, అన్నం ఉండగానే."

"చిప్పకు అంత తెలుస్తుందా మనాంగ్?" అని అతను నవ్వాడు. చిప్పకు తెలిసినంత కూడా తెలియనివాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టిన ఊరిని ఆమె మనసులోనే తిట్టుకుని లేచింది.

పుండు మీద కారంలా, వారం తిరక్కుండానే ఆమెకు బహుమతి వచ్చింది. 'అత్యంత శుభ్రమైన సాగు స్థలం' అన్న పత్రం, దాని కింద ఒక ఫొటో, రెండూ కలిపి పటం కట్టించి. ఫొటోలో ఆమె గెడల ముందు అబ్రెనికా బ్రష్షు పట్టుకుని నవ్వుతున్నాడు. వారోత్సవం సభలో ఆమెకు అది ఇస్తుంటే వేదిక మీద అందరూ చప్పట్లు కొట్టారు. క్రిస్పీనా ఆ పటాన్ని పగలగొట్టలేదు, పారేయలేదు. గోడకు తగిలించింది.

ఐదు నెలల తర్వాత, అనుమతి పొడిగించాలో రద్దు చేయాలో తేల్చే తనిఖీకి అబ్రెనికానే వచ్చాడు. ఆమే పడవ నడిపింది. డెబ్బై ఎనిమిది గెడలూ బోడిగా ఉన్నాయి, అక్కడక్కడా నాలుగు గుల్లలు తప్ప. అతను కాగితం తీసి 'సాగుదారు అశ్రద్ధ' అని రాయడం మొదలుపెట్టాడు.

క్రిస్పీనా పడవను మడ చెట్ల పక్కకు తిప్పింది. అక్కడి పన్నెండు గెడలకూ గెడ కనిపించనంత దట్టంగా ఆకుపచ్చ చిప్పలు వేలాడుతున్నాయి. అతని చెయ్యి పట్టి వాటి మీద పెట్టింది.

"ఇవి మీ చేతికి అందనివి. అవి మీరు ముట్టుకున్నవి. అశ్రద్ధ ఎవరిదో ఇప్పుడు రాయండి సర్," అని, ఇంటి గోడ మీంచి దించి తెచ్చిన ఆ పటాన్ని పడవ పీట కింద నుంచి తీసి అతని ఒళ్ళో పెట్టింది.

అబ్రెనికా ఫొటోలోని తన నవ్వును చూసుకున్నాడు. తర్వాత రాసింది కొట్టేసి, అనుమతి ఇంకో ఏడాదికి పొడిగిస్తున్నట్టు రాశాడు. తప్పు నాది అన్న మాట మాత్రం అతని నోట రాలేదు. పైగా అలవాటు ఎక్కడికి పోతుంది, కింద ఒక షరతు కూడా చేర్చాడు: 'గెడలను శుభ్రంగా ఉంచవలెను.'

అది చదివిన క్రిస్పీనా కలం ఇమ్మని చెయ్యి చాపింది. సంతకానికే అనుకుని ఇచ్చాడు. ఆమె మధ్యలో ఒక్క మాట కనిపించకుండా అడ్డంగా కొట్టేసి, కాగితం వెనక్కి ఇచ్చింది.

'గెడలను ఉంచవలెను.'

"కొట్టివేత పక్కన మీరూ ఒక సంతకం పెట్టండి సర్," అంది.

అతను పెట్టాడు.