పడుగు గంజి

నీలం నగర్ నేత గల్లీల్లో ఇంటి ముందు నాలుగడుగుల మట్టి మిగలడమే భాగ్యం. యమునాబాయి ఇంటికి ఆ భాగ్యం ఉంది. ఆ మట్టిలో ఏ తీగ పెట్టాలన్న దాని మీద అత్తాకోడళ్ళకు ఒక వేసవంతా సరిపోయింది. కోడలు మయూరికి మధుమాలతి కావాలి. తెల్లగా విచ్చి ఎర్రగా మారే గుత్తులు, గల్లీ అంతా తలెత్తి చూడాలి. అత్తకు సన్నజాజి కావాలి.

"సూసుడు దేనికే? పువ్వంటే తలల వెట్టుకునేటట్టు ఉండాలె," అంది యమునాబాయి. ఆ ఇంట్లో చివరి మాట ఎప్పుడూ ఆమెదే కనుక సన్నజాజే వచ్చింది.

మామ రామచంద్రం ఆ గల్లీలో ఇంకా చేతిమగ్గం వదలని మనిషి. మిగిలిన నూలుతో గోడ నుంచి చూరు దాకా పోగులు లాగి కట్టాడు. "పడుగు నేనేసిన, పేక అదే ఏసుకుంటది," అని తీగకు అప్పజెప్పాడు. తీగ ఆ మాట నిలబెట్టింది. వర్షాలు వెనకబట్టేసరికి మొగ్గ తొడిగింది.

ఒకనాడు అత్త బీడీలు చుడుతూ, "జాజి ఆకు సన్నవడ్డది. ఇంత గంజి పొయ్యి బిడ్డా," అంది. ఆమె చెప్పింది అన్నం వార్చిన గంజి. మయూరి వండేదేమో కుక్కర్‌లో. ఆ ఇంట్లో అన్నం వార్చి ఏళ్ళయింది. గంజి అనగానే మయూరికి తోచింది మగ్గం గదిలోని బకెట్. పడుగుకు పట్టించగా మిగిలిన గంజి అది, పులిసిన వాసన. బూజు పట్టకుండా మామ అందులో మైలుతుత్తం కలుపుతాడు. తెచ్చి తీగ మొదట్లో కుమ్మరించింది.

నాలుగు రోజులకు ఆకులు పండాయి. మైలుతుత్తం వేళ్ళకు విషమన్న సంగతి మయూరికి అప్పుడు తట్టింది. ఇంతవరకూ పొరపాటే, దేవుడు కూడా తప్పు పట్టడు. కానీ అత్త, "ఇంకింత పొయ్యరాదు, తేరుకుంటది," అన్నప్పుడు మయూరి మళ్ళీ ఆ బకెట్ దగ్గరికే నడిచింది. ఇది పోతే మధుమాలతి పెట్టుకోవచ్చు అనుకుంది. తీగ మామ కట్టిన పోగుల మీదే ఎండిపోయింది.

అత్త తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. యమునాబాయి తన రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"ఈ తంబాకు చేతులతోని రోజూ మొగ్గలు తెంపిన. గా విషమే తగిలింది దానికి. ఈసారి నీకు నచ్చిందే తెచ్చుకో. నేను ముట్ట."

ఎవరూ దొంగ అనకపోయినా మయూరి భుజాలు తడుముకుంటూనే ఉంది. బాలింతగా ఉన్నప్పుడు తన ఒళ్ళు రుద్దింది ఆ చేతులే. 

హోట్గి రోడ్ నర్సరీలో మధుమాలతి పందిరి నిండా పూసి ఉంది. ఇన్నాళ్ళూ కోరుకున్నది ఎదుటే ఉంటే, దాని వంక చూడడానికి ఆమెకు మొహం చెల్లలేదు. సన్నజాజి మొక్కే తెచ్చి వాకిట్లో దించింది.

"మళ్ళ గదే ఎందుకు తెచ్చినవ్?" అంది అత్త. చేతులు కొంగులో దాచుకుని దూరంగా నిలబడి అంది. ఆ దాచుకోవడం చూశాక మయూరి ఇక ఆగలేకపోయింది.

"మీ చేతులు కావు అత్తమ్మా. నేను పోసింది పడుగు గంజి. మొదటిపారి యాది లేక పోసిన." ఆగి, తల దించుకుని అంది. "రెండోపారి తెలిసే పోసిన."

 యమునాబాయి కొంగులోంచి చేతులు తీసి, పాత మట్టి మొత్తం తోడించి పారబోయించి, కొత్త మట్టిలో మొక్కను తనే నాటింది. "ఇయ్యాల అన్నం గిన్నెల వండు," అంది.

మయూరి గంజి వార్చి, చల్లార్చి తెచ్చింది. అత్త ఆ గిన్నె అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు పోసింది.

ఇప్పుడా తీగ చూరెక్కింది. అత్త సాయంత్రం మొగ్గలు కోసి, దండ కట్టి, మొదటి మూర కోడలి తలలోనే పెడుతుంది. ఆనాటి సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మయూరి గంజి గిన్నె తెచ్చినప్పుడు మాత్రం ఇవాళ్టికీ వాసన చూడకుండా పోయదు.