పూజ నుదుటి ఉప్పు

తెల్లోళ్ల జబ్బట, ఎలా నవ్వాడు డాక్టరు, అది తెల్లోళ్ల జబ్బమ్మా, మన దిక్కు రాదు, ఇంతకీ మీరేం చేస్తుంటారు అన్నాడు, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తానండి అంటే మళ్ళీ అదే నవ్వు, అదీ సంగతి, పుస్తకంలో చదివిన రోగాలన్నీ ఇంట్లో కనిపిస్తున్నాయి మీకు, ఏ ఊరు, చిన్న మంగళారమా, అక్కడ మా ఫ్రెండుకు ఫాంహౌస్ ఉంది, మంచి గాలి, పిల్లకేం కాదు పోండి, అని బలానికో సీసా రాసి చేతిలో పెట్టాడు, ఆ చీటీని పిడికిట్లో నలుపుతూ నిర్మల చేవెళ్లలో బస్సెక్కింది, కిటికీ చువ్వ జూన్ ఎండకు కాలి చెయ్యి చురుక్కుమంది, అననీ, లోపల మండుతున్నదాని ముందు ఇదెంత, తన బిడ్డ పూజను నాలుగుసార్లు చూసిన డాక్టరే ఆయన, రెండేళ్ళు నిండిన పిల్ల ఏడాది పిల్ల తూకమే ఉందని తన పెన్నుతో తనే రాశాడు, ఎంత తిన్నా ఒంటికి పట్టదు, తిన్న నెయ్యి తిన్నట్టే దొడ్డికి పోతే నూనెలా తేలుతుంది, దగ్గు తగ్గదు, వాకిట్లో కాసేపు ఆడితే నుదుటి మీద చెమట ఆరి తెల్లగా గీత కడుతుంది, ఇవన్నీ వేళ్ళు మడిచి చెప్తుంటే ఆయన సెల్‌ఫోను వైపు చూశాడు, చెమటలో ఉప్పు ఎంతుందో పరీక్ష చేయించండి అని ఒక్క ముక్క రాయడానికి ఏం పోయింది, చదువుకున్న ఆడది నోరు తెరిస్తే చాలు వీళ్ళకు నవ్వొస్తుంది.

ఎవరో టికెట్ అన్నారు, మొయినాబాద్ ఒకటి, పొద్దున రెండో పీరియడ్ దాకా తనకు మాత్రం ఏం తెలుసు, బోర్డు మీద కణపొర గీసింది, రెండు వరుసల కొవ్వు, తలలు బయటికి, తోకలు లోపలికి, ఉప్పుకు కొవ్వులోంచి దారి ఉండదు, అందుకని పొరలో ప్రోటీన్లు తలుపుల్లా నిలబడి ఉంటాయి, సోడియానికి వేరే, క్లోరైడుకు వేరే, కొన్నయితే పొరలోని కొవ్వునే ఈ వరుస నుంచి ఆ వరుసకు తిప్పేస్తాయి, ఆరేళ్ళుగా అదే పాఠం, అవే బొమ్మలు, ముందు బెంచీలోంచి మేరీ లేచింది, మేడం, పుట్టుకతోనే ఆ తలుపు ఖరాబైతే ఏమైతది, ఏముంది, క్లోరైడు కదలదు, చెమటలోకి వచ్చిన ఉప్పు తిరిగి ఒంట్లోకి పోలేదు, చర్మం మీదే మిగులుతుంది, ఊపిరితిత్తుల్లో జిగురు గట్టిపడుతుంది, తిన్న కొవ్వు అరగదు, పిల్ల ఎదగదు, అంటూ అంటూ ఆగిపోయింది, సుద్దముక్క విరిగి కింద పడింది, పిల్లలు బోర్డు చూస్తున్నారు, తనకు బోర్డంతా పూజ నుదురే, పర్మిషన్ పెట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది, దానికి దొరికిన జవాబు ఈ సీసా చీటీ, గణేష్‌కు ఫోను చేస్తే, హైటెక్ సిటీలో కంపెనీ బండి నడిపే మొగుడు, సాఫ్ట్‌వేరోళ్లు బండిల ఉన్నరు, ఇప్పుడు మాట్లాడరాదు, అయినా డాక్టర్‌కన్న నీకెక్కువ ఎర్కనా, అని పెట్టేశాడు, ఆహా, ఈయనకూ నవ్వే, బయట జొన్నచేలు పోయి వరసగా కాంపౌండు గోడలు, గేటుగేటుకూ వాచ్‌మన్, ఎవరిని పంపాలో ఎవరిని ఆపాలో వాళ్ళకు బాగా తెలుసు, నా బిడ్డ ఒంట్లో మాత్రం కోట్ల గేట్లు బిగుసుకుపోయి ఉంటే, చూడవయ్యా అన్నందుకు నవ్వుతారా, పెదవి ఒక పక్కకు లాగి, ముక్కుతో గాలి వదిలి, నీకేం తెలుసులే అన్నట్టు, ఆ నవ్వు తనెక్కడో ముందే విన్నది.

మొయినాబాద్‌లో దిగి ఆటోలో కూర్చున్నాక కూడా ఆ నవ్వు వదల్లేదు, ఎక్కడ, ఎవరిది, స్టాఫ్‌రూములోనా, కాదు, ఇంట్లో, వంటింట్లో, పూజకు మూడో నెల, అత్త అంతమ్మ పిల్లను ముద్దు పెట్టుకుని పెదవులు చప్పరించింది, నిర్మలా, పిల్ల ఉప్పుప్పగున్నదే, దిష్టి తగిలిందేమో, అని పిడికెడు రాళ్ళ ఉప్పు తీసి పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది, చిటపటమంది, చూసినవా ఎంత దిష్టో, అప్పుడు నవ్విందెవరు, చెమట ఉప్పగ గాక తియ్యగుంటదా అత్తమ్మా, అన్నదెవరు, నవ్వు బిడ్డా నవ్వు, నవ్విన నాపచేనే పండుతది, అంది ఆమె, ఆ తర్వాత కూడా చెప్పింది, పండక్కి చెప్పింది, పెళ్ళిలో నలుగురిలో చెప్పింది, తను సిగ్గుతో చచ్చి నోరు మూయించింది, పైగా ఎమ్మెస్సీ తెలివి ఒకటి, ఒంట్లో ఉప్పు ఎక్కువైందేమోనని పిల్ల అన్నంలో ఉప్పు మానిపించి డబ్బా పై అటకెక్కించింది, పోయిన వారం ఎండకు పూజ తోటకూర కాడలా వాలిపోయింది, తను కాలేజీ నుంచి వచ్చేసరికి అంతమ్మ ఉప్పేసిన గంజి గిన్నెతో దొరికిపోయింది, ఎంత అరిచింది తను, గిన్నె లాక్కుని మోరీలో పారబోసింది, ముసలామె కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ, పోరి కండ్లు తేలేసింది బిడ్డా, రెండు గుక్కలు తాగినంకనే లేచి కూసున్నది, అంది.

ఆటో ఆగింది, వాకిట్లో వేపచెట్టు నీడన అంతమ్మ, ఒళ్ళో పూజ, కోడలిని చూడగానే ముసలామె గిన్నెను గబుక్కున కొంగు చాటుకు లాక్కుంది, మజ్జిగ పిల్ల గడ్డం మీద నుంచి కారుతోంది, ఇద్దరి ముఖాల్లోనూ దొంగతనం, నిర్మల చెప్పులైనా విడవకుండా వంగి బిడ్డ నుదుటి మీద పెదవులు ఆనించి, ఈసారి నాలుక కూడా ఆనించింది, ఉప్పు, పచ్చి ఉప్పు, ఏం లేదు బిడ్డా, ఉత్త మజ్జిగనే, ఉప్పు ఎయ్యలేదు, అని అబద్ధమాడుతోంది అంతమ్మ, ఎయ్యి అత్తమ్మా, ఇంకింత ఎయ్యి, అంది నిర్మల, రేపు పట్నం పెద్ద దవాఖానకు పోదాం, నువ్వు కూడా రావాలె, నువ్వే చెప్పాలె, అంతమ్మకు ఏమీ అర్థం కాక గిన్నె మెల్లగా బయటికి తీసింది, డాక్టరు నవ్వింది ఒక్క పూట, తను రెండేళ్ళు నవ్వింది, ఆ రెండేళ్ళూ బిడ్డ ఒంట్లోంచి కారిపోయిన ఉప్పును ఈమె, తను చూడకుండా, గుక్క గుక్కగా తిరిగి పోస్తూనే ఉంది.